ట్రాక్టర్ కింది టెరిలిన్ అంగి

1968 నవంబరులో నన్ను నిజామాబాద్ జిల్లాకు ట్రావెలింగ్ సేల్స్‌మన్‌గా వేశారు. ఒక బట్టల మిల్లులో ఉద్యోగం. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. చెరకు ఆడే కాలం ముగిసేలోగా బోధన్ దుకాణాల్లో మా టెరిలిన్ తానులు కదలకపోతే ఇంటికి పంపిస్తామని మేనేజరు ముందే చెప్పాడు. ఇంట్లో సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే. నిజంగా భయం వేసింది.

మా కంపెనీకి ఒక పద్ధతి ఉండేది. ఊళ్లో కుర్రకారు ఎవరిని చూసి వేషం మారుస్తారో కనిపెట్టి, అతనికి ఒక చొక్కా ఊరికే కుట్టించాలి. దాన్ని నమూనా చొక్కా అనేవాళ్లం. నేను నల్ల కళ్లద్దాల మోహన్‌ను ఎంచుకున్నాను. బోధన్ సినిమా హాలు ముందు అతన్ని మించిన సోకులరాయుడు లేడు. ఆ మహానుభావుడు చొక్కా తొడుక్కున్నాక రుమాలు పరిస్తే గాని బెంచీ మీద కూర్చోలేదు. నెల గడిచినా ఒక్క తాను కదల్లేదు. "గది కంపెనోళ్లు ఇచ్చిన అంగి" అని చెరకు బండ్లవాళ్లు నవ్వేవారు.

అలాంటిది జనవరిలో దర్జీ ఖాదర్ భాయ్ కబురు పెట్టాడు, దుకాణాల్లో టెరిలిన్ అయిపోయింది, ఇంకా పంపమని. నమ్మలేక పరుగెత్తాను. "మెకానిక్ గంగారాం తొడిగిండు సార్. అందరు గసుంటిదే కావాలంటున్నరు" అన్నాడు.

చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు వరుస కట్టే మైదానం పక్కనే గంగారాం షెడ్డు. నేను వెళ్లేసరికి అదే చొక్కాతో ట్రాక్టర్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఔరా, ఒళ్లంతా మసి! వరుసలో ఉన్న పడుచువాళ్ల కళ్లు ట్రాక్టర్ మీద లేవు, ఆ చొక్కా మీదే ఉన్నాయి. "గంత పిరం అంగి, మన్నుల బొర్లిస్తున్నడు సూడు!" అన్నాడొకడు అసూయగా.

అంత ఖరీదైనది ఎందుకు కొన్నావని గంగారాంను అడిగాను. "నాకున్నది గీ ఒక్క అంగే సార్. పిండి ఆరేస్తె జల్ది ఆరుతది, ఇస్త్రీ లొల్లి లేదు" అన్నాడు.

నాకు ఆశ పుట్టింది. రెండోది ఊరికే కుట్టిస్తానన్నాను. అతను పానా తుడుస్తూ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సార్. మీరిచ్చింది తొడిగితె నేను మీ దుకాణం బోర్డునైత."

ఆ సీజన్‌లోనే నా ఉద్యోగం ఖాయమైంది. తర్వాత ఏ ఊరెళ్లినా, సొంత డబ్బుతో కొని, ఒంటి మీద ఖరీదైన చొక్కా ఉందన్న సంగతే మరిచిపోయినవాడు ఎవడా అని ముందు వెతికేవాణ్ణి. దొరికితే పలకరించకుండా వచ్చేసేవాణ్ణి. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఇస్త్రీ మడత నలగకుండా మా మిల్లు చొక్కాలే తొడిగాను. ఎక్కడ కొన్నారని నన్ను ఒక్కరూ అడగలేదు.