కుడి వరస మందారాలు

లబాసా మిల్లుకు చెరుకు తోలడం మొదలైన నెలలో నన్ను పెద్ద కులంబరు బంగళాకు తోట సర్దారుగా వేశారు. అది నా గిర్మిట్‌లో, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందంలో, మూడో ఏడు. మద్రాసు నుంచి ఈ దీవులకు కూలీల ఓడలు ఇంకా వస్తుండేవి. కులంబరంటే ఎస్టేటు మీద పెత్తనం చేసే తెల్ల అధికారి. సర్దారంటే ఆయన కింద మనవాళ్ళతో పని చేయించేవాడు. పొలంలో ప్రతి మనిషికీ రోజుకింత అని కొలిచి ఇచ్చే టాస్కు ఉంటుంది. బంగళా తోటలో ఆ కొలత లేదు. అందుకే మేముండే గదుల వరసల్లో, కూలీ లైన్లలో, అందరి కన్నూ ఆ పని మీదే ఉండేది.

నా కింద పని చేసేది ఒక్కతే, గవరమ్మ. అనకాపల్లి దగ్గరి మనిషి. బంగళా దారికి రెండు పక్కలా పన్నెండేసి మందార మొక్కలుండేవి. ఎడమ వరస ఆమెకు అప్పగించి, కుడి వరస నేను ఉంచుకున్నాను. నేను విజయనగరం వైపు ఒక పెద్ద తోటలో పదేళ్ళు పని నేర్చినవాణ్ణి. ఆమె అంతకుముందు చేసింది చెరుకులో కలుపు తీయడమే. అయినా ఆమె వరసే ముందు పూసింది. దొరసాని ఆమెనే వరండాలోకి పిలిచి పూలు సర్దించుకునేది. నన్ను చూస్తే బకెట్లు ఎక్కడ పెట్టావని అడిగేది. ఆ మెట్ల మీద గవరమ్మ నవ్వు వినబడితే నాకు అన్నం సయించేది కాదు.

ఆమెను మించాలని నా వరసకు మిల్లు మడ్డి వేశాను. చెరుకు రసం వడకట్టాక మిగిలే నల్లటి బురద అది. పొలానికి మంచి ఎరువు. మొదళ్ళు మునిగేటట్టు జానెడు మందాన పేర్చి, పూటకో బకెట్టు నీళ్ళు పోశాను. ఇరవై రోజులకు కింది ఆకులు పసుపు తిరిగాయి. తరవాత, నేల తడిగా ఉండగానే మొక్కలు తలలు వాల్చాయి. దాహమనుకుని ఇంకో బకెట్టు పోశాను. మూడు మొక్కలు చచ్చాయి.

ఎడమ వరస మాత్రం నిండుగా పూస్తూనే ఉంది. నా వరసే ఎందుకు చావాలి? ఈమె ఉప్పునీళ్ళు పోస్తోందని నాకు నేనే తేల్చుకున్నాను. కళ్ళతో చూసింది లేదు. చూశానని కులంబరుకు చెప్పాను.

ఆయన ఆమెను పిలిపించాడు. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు హిందీ అంతంత మాత్రం. ఇద్దరి మధ్యా మాట అందించింది నేనే.

"మొక్కలతోటి నాకేటి పగ? సర్దారు మీద కోపముంటే సర్దారునే తిడతాను" అంది గవరమ్మ.

ఆ మాట నేను హిందీలో చెప్పలేదు. ఒప్పుకోవడం లేదని మాత్రం అన్నాను. మర్నాడు ఆమెను చెరుకులోకి పంపేశారు.

రెండు వరసలూ నావయ్యాయి. ఆమె వరసను ఇంకా బాగా పూయించి చూపాలని దానికీ అదే మడ్డి వేసి, అన్నే నీళ్ళు పోశాను. నెల తిరక్కముందే అక్కడా కింది ఆకులు పసుపు తిరిగాయి. నింద వేయడానికి తోటలో ఇంకెవరూ లేరు.

అప్పుడు పార పట్టి ఒక మొక్కను వేళ్ళతో సహా లేపాను. తోటమాలి అన్నవాడు మొదటిరోజే చేయవలసిన పని అది. మందార వేరు తెల్లగా, గట్టిగా ఉండాలి. ఇది నల్లగా, మెత్తగా ఉంది. లాగితే పైతొక్క ఊడి చేతికొచ్చి లోపలి నార మిగిలింది. మురుగు వాసన కొట్టింది. వేరుకుళ్ళు. నీరు ఇంకని బంకమట్టి మీద నేను మడ్డితో మూత వేసి, వేళ్ళకు గాలి ఆడకుండా చేశాను.

ఆదివారం లైనుకు వెళ్ళాను. గవరమ్మ గుమ్మంలో కూర్చుని, చెరుకు ఆకు కోసిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. జరిగింది చెప్పాను.

"మొదలు కప్పెయ్యకు సర్దారూ అని ఆ రోజే సెప్పినాను. ఇన్నావేటి?"

నిజమే, చెప్పింది. ఆమె చెప్పింది కనుకనే వినలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాను.

"మొక్కలకా, నాకా?"

అక్కణ్ణుంచి తోటకు వచ్చేశాను.

మొక్కలకు చేయవలసింది నాకు తెలుసు. మడ్డి ఎత్తిపోసి, ఒక్కొక్క మొక్కనూ లేపి వేళ్ళు కడిగాను. కుళ్ళిన మేరంతా, తెల్లటి కండ కనిపించేదాకా, పదును కత్తితో కోసి బొగ్గుపొడి అద్దాను. తగ్గిన వేరు మోయలేదు కనుక కొమ్మలు సగానికి కత్తిరించాను. పాత గుంటలు వదిలేసి, ఏటి ఇసుక కలిపిన మట్టిని గట్టులా పోసి, దాని మీద నాటి, పక్కన కాలువ తీశాను. వేలు రెండు కణుపులు దింపితే పొడిగా తగిలినప్పుడే నీళ్ళు. ఇరవై నాలుగులో పదమూడు బతికాయి.

అవి చిగుళ్ళు వేసేదాకా కులంబరు దగ్గరికి వెళ్ళలేదు. బాగుపడ్డ తోటను చూపిస్తే కోపం తగ్గుతుందనుకున్నాను. ఆ వారాలన్నీ ఆమె చెరుకులోనే ఉంది. చివరికి అంతా చెప్పాను, అందించని ఆ మాటతో సహా. ఆయన నన్ను సర్దారు పని నుంచి తీసేశాడు. దొరసాని గవరమ్మను వెనక్కి రప్పించి, తోటలో ఇకమీదట ఆమె చెప్పినట్టే జరగాలంది.

నా గిర్మిట్ తీరేదాకా ఆమె కిందే పని చేశాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. పొద్దున్నే "నరసన్నా, ఇయ్యాల ఆ మూల తవ్వు" అని చెప్పి తన పని చూసుకునేది. వరండా నుంచి పిలుపు వచ్చి ఆమె మెట్లెక్కినప్పుడల్లా నాకు మునుపటిలాగే మండేది. అది పోయిందని చెప్పను.

తరవాత ఇక్కడే రాకిరాకి వైపు తోటల్లో ముప్పై ఏళ్ళు పని చేసి, వయసు మీరాక మానేశాను. వాడిన మొక్క కనిపిస్తే ముందు వేరు చూసేవాణ్ణి. ఆపైన దానికి నేనేం వేశానో, ఎంత పోశానో గుర్తు చేసుకునేవాణ్ణి. ఇంకొకరు ఏం చేశారన్నది ఆఖరి ప్రశ్న. చాలాసార్లు అక్కడిదాకా వెళ్ళవలసిన అవసరం పడలేదు.