మమ్మల్ని నిద్రపుచ్చిన అవ్వ

హాలియా నుంచి ఫోనొచ్చింది. మేం ఒకప్పుడు కిరాయికున్న ఇంటి అవ్వ పోయిందట. పొద్దున చాయ్ తాగి, గోడకు ఆనుకొని కూర్చుని, అలాగే కళ్లు మూసిందట. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు ఆ ఇంటి పక్కన పారే సాగర్ కాలువ చప్పుడే వినబడుతూ ఉంది.

ఆ ఇంట్లో దిగినప్పుడు మా పాపకు రెండేళ్లు. మెడ నిలిచేది కాదు. కాళ్లూ చేతులూ కట్టెల్లా బిగుసుకుపోయేవి. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని దవాఖానలో చెప్పారు. వచ్చినవాళ్లంతా పాప ఎప్పుడు నడుస్తుందనే అడిగేవారు. చెప్పీ చెప్పీ విసిగి, పగలు కూడా తలుపు వేసుకునే ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం అవ్వ ఆ తలుపు తోసుకొని వచ్చి, నా ఒళ్లోంచి పాపను తీసుకుంది.

"జర పండుకో బిడ్డా. పిల్ల నా తాన ఉంటది."

"మెడ పట్టుకోవాలవ్వా..."

"పట్టుకుంట గని, నువ్వు కండ్లు మూయ్."

ఆ నిద్ర ఇప్పటికీ గుర్తుంది. కలలో వరిమళ్ల నిండా నీళ్లు, వాటి మీద తేలిపోతూ నేను. లేచేసరికి ఎండ వాలింది. అవ్వ, ఆమె ఒళ్లో పాప, ఇద్దరూ వాకిట్లో పిచ్చుకల్ని చూస్తున్నారు. ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు నాకు అలాగే దొరికాయి.

మా ఆయన ఆటో నడిపేవాడు. నేను ఏడ్చేదాన్ని, ఆయన అసలు మాట్లాడేవాడు కాదు. ఒక సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అవ్వ అరుగు మీంచి పలకరించింది.

"ఎట్లున్నవ్ కొడకా?"

"పాప మంచిగనే ఉందవ్వా."

"పిల్లను కాదు, నిన్నే అడుగుతున్న."

ఆయన మెట్టు మీద కూలబడి, తువ్వాలలో మొహం దాచుకొని ఏడ్చాడు. అవ్వ ఆయన వీపు నిమురుతూ, "గింత దుఃఖం లోపలేసుకొని తిరుగుతున్నవా" అంది. పాప ఎప్పటికీ నడవకపోతే ఎలా అన్న మాట మేమిద్దరం ఒకరితో ఒకరం పైకి అనుకున్నది ఆ తర్వాతే.

పాపకు నయమవుతుందని అవ్వ ఏనాడూ అనలేదు. "మీరు మంచిగుండాలె, పిల్లకు మీరే గద" అనేది.

ఫోనొచ్చిన రోజే హాలియా వెళ్లాం. అంతిమయాత్రలో మా ఆయన, ఇప్పటికీ నడవని పాపను భుజానికెత్తుకొని నడిచాడు. డప్పులు మోగగానే పాప కిలకిలా నవ్వింది. ముందు పోతున్నవాళ్లు తిరిగి చూశారు. నేను దాన్ని ఊరుకోమనలేదు. పాడె మీద చల్లిన బంతిపూల రేకులు గాలికి తేలివస్తుంటే, బిగుసుకున్న వేళ్లు మెల్లగా విప్పుకుంటూ, అది వాటి కోసం చేయి చాస్తూ ఉంది.