త్రీజీ ఆపిన వారం

మా ఇల్లు ప్రొద్దుటూరులో. ఉద్యోగం మాత్రం జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఉన్న ఫోన్ టవర్ల మీద. మొదట్లో నా చేతికి వచ్చింది టూజీ. అందులో ఒకే తరంగం మీద ఎనిమిది మంది వంతులవారీగా మాట్లాడతారు. ఆ వంతు రెప్పపాటు కన్నా చిన్నది కాబట్టి ఎవరికీ తెలియదు. త్రీజీలో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒక్కొక్కరి మాటకు ఒక్కో కోడ్. ఫోర్‌జీకి వచ్చేసరికి మాట కూడా ఇంటర్నెట్‌లాగే ముక్కలై వెళ్తుంది. ఈ మూడింటి పెట్టెలూ నా చేతులతో బిగించినవాణ్ణి. అందుకే, త్రీజీ ఆపేసి ఆ తరంగాలను ఫోర్‌జీకి ఇస్తున్నామని కంపెనీ చెప్పినప్పుడు నేను జంకలేదు. పాత ఫోన్లు వాటంతటవే టూజీకి దిగుతాయి, కాల్స్‌కు ఢోకా లేదని అడిగినవాళ్ళందరికీ చెప్పాను.

జమ్మలమడుగు వైపు ఆపిన మూడో రోజు, నేను టవర్ దగ్గర కేబుళ్ళు చూసుకుంటుంటే ఒకావిడ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. ఆ ఊరి ఆశా కార్యకర్త. యాభై దాటి ఉంటాయి.

"నా ఫోన్‌కు ఏం చేసినావప్పా? మూడు దినాలాయె, ఒక్క గీత ల్యా."

"నీ ఫోనే చెడిపోయింటాదిలే అక్కా. నెట్‌వర్క్ బాగానే ఉంది."

"బాగుందా? నిన్న ఒక పిల్లకు నొప్పులొచ్చినాయి. ఎన్నిసార్లు చేసినా నాకు మోగల్యా. వాళ్ళత్త ఎండలో మా ఇంటిదాకా ఉరుక్కుంటా వచ్చె. నేను పోయి అంబులెన్స్ పిలిపిచ్చేసరికి శానా ఆలస్యమాయె. దావలోనే కాన్పయింది."

చేతిలోని కేబుల్ కింద పెట్టేశాను. "తల్లీబిడ్డా?"

"బాగుండారు. దేవుడు కాపాడినాడు. నువ్వు కాదు."

ఆవిడ ఫోన్ తీసుకుని సెట్టింగ్స్ తెరిచాను. నెట్‌వర్క్ దగ్గర 'త్రీజీ మాత్రమే' అని ఉంది. లేని త్రీజీ కోసం ఆ ఫోన్ మూడు రోజులుగా వెతుకుతూనే ఉంది.

"ఇది ఎవరు పెట్టినారక్కా?"

"మా తమ్ముడు. ఇంటర్నెట్ బిరీన వస్తాదని."

'ఆటో' అని మార్చాను. నిమిషంలో గీతలు లేచాయి. ఆవిడ వెంటనే ఆ బాలింత ఇంటికి ఫోన్ చేసి, బిడ్డ పాలు తాగుతున్నాడా అని అడిగింది. తర్వాత నావైపు తిరిగి, "ఇట్లాంటి ఫోన్లు ఊర్లో ఇంకా ఉంటాయి. రా, చూద్దువు" అంది.

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ వెంట ఇల్లిల్లూ తిరిగాను. నిజమే, ఇంకా ఉన్నాయి.

వచ్చే వారం పులివెందుల వంతు. ముందుగా జనానికి చెబుదామని మేనేజర్‌ను అడిగితే, "మెసేజ్ పంపుతాంలే, చాలు" అన్నాడు. చాలదని నాకు తెలుసు. సెలవు పెట్టి వేంపల్లెలో, పులివెందులలో బస్టాండ్ల దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చున్నాను. కూరగాయలమ్మే అవ్వలు, ఆటోవాళ్ళు, గల్ఫ్‌లో కొడుకులున్న తల్లులు ఫోన్లు తెచ్చి నా ముందు పెట్టారు. అన్నీ సరిచేశాను.

పులివెందులలో త్రీజీ ఆగిన రోజు కాల్ పోయిందని ఒక్క ఫిర్యాదూ రాలేదు. మేనేజర్ ఆశ్చర్యపోయి కారణం అడిగాడు. జరిగింది చెప్పాను. "తర్వాత వంతు కమలాపురం. అక్కడ రెండు బల్లలు వేయిద్దాం. ఈసారి సెలవు పెట్టొద్దు" అన్నాడు.