గస్తీ పుస్తకం మోసిన మనిషి

ఊళ్లో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె అనుకుంటుంది. నోటి పదును చూసి పెట్టారని మిగతావాళ్లకు తెలుసు. "పోయిన నెలకీ ఈ నెలకీ రెండంగుళాలు పెరిగావు, మీ ఆయన వంట నేర్చుకున్నట్టున్నాడే" అని కొలతలు తీస్తూనే అనేయగల మనిషి. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. చెప్పిన రోజుకి బట్టలిస్తుంది, మిగిలిన గుడ్డముక్క కూడా మడిచి చేతిలో పెడుతుంది.

మూడు వీధులు కలిసే మూల మీద ఆమె ఇల్లు. ముందు గది, వెనక గది, ఆ వెనక పెరడు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. వెలుతురంతా దాని మీదే పడుతుంది. కాళ్లతో తొక్కే పాత మిషనుతో పదిహేనేళ్లు కుట్టి, మోకాళ్లు అరిగాక, మోటారుది కొనుక్కుంది. మొగుడు రాళ్ల క్వారీలో పనికి పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వస్తాడు. అత్తకు చెవులు కాస్త మందం. నోరు మాత్రం కోడలికేమీ తీసిపోదు.

ఆ ఇంటి బయట గోడకు ఆకుపచ్చ రేకు పెట్టె ఒకటి వేలాడుతుంటుంది. ఆరేళ్ల కిందట ఊళ్లో వరసగా మూడు దొంగతనాలు జరిగితే పోలీసులు దాన్ని తగిలించారు. అందులో గస్తీ పుస్తకం ఉంటుంది. కానిస్టేబుల్ రోజూ ఊళ్లోకి రావాలి, వీధులన్నీ తిరగాలి, ఆ పుస్తకం తీసి తేదీ, టైము, చూసిన సంగతి రాసి సంతకం పెట్టాలి. పోలీసు రోజూ వస్తాడని తెలిస్తే దొంగ ఈ వైపు తొంగిచూడడని వాళ్ల లెక్క. లెక్క మంచిదే. పెట్టెకు రెండు తాళంచెవులు. ఒకటి కానిస్టేబుల్ దగ్గర, ఒకటి కత్తెరక్క దగ్గర. ఆ చెవిని ఆమె చాలాకాలం మెడలో వేసుకు తిరిగింది. ఊరి భద్రత అంతా తన మెడలోనే ఉందన్నంత గర్వం మరి.

మొదట్లో వచ్చిన కానిస్టేబుల్ పెద్దాయన. సైకిల్ మీద వచ్చేవాడు. ఎవరింటికి తాళం పడింది, ఎవరి పిల్లాడు చెడు సావాసాలు పట్టాడు, ఎవరి పెరటి గోడ కూలింది, అన్నీ ఆయనకు తెలుసు. ఆయన ఉన్న రెండేళ్లూ ఊళ్లో కోడిపిల్ల కూడా పోలేదు. ఆయన రిటైరయ్యాడు. ఆయన చోట్లోకి ఓ మీసాలాయన వచ్చాడు.

మీసాలాయన నెల రోజులు వచ్చాడు. తర్వాత ఎండన్నాడు, నడుమన్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఎటూ గురువారం దారాలకీ గుండీలకీ టౌనుకొస్తావుగా. ఆ పుస్తకం కూడా సంచిలో పడేసుకో. స్టేషన్లో సంతకాలు పెట్టేసి ఇచ్చేస్తా" అన్నాడు. పాపం నడుము నొప్పి కాబోలు అనుకుంది ఈ పిచ్చి తల్లి. తీసుకెళ్లింది. మళ్లీ గురువారమూ తీసుకెళ్లింది. అలా నాలుగేళ్లు. ఒకవారం ఆయన మరిచిపోతే, "తమ్ముడూ, పుస్తకం పట్రానా?" అని తనే ఫోన్ చేసి గుర్తుచేసింది. సాయం చేయడం అలవాటైపోయిన వాళ్లకు, ఏది సాయమో ఏది కాదో అడగాలని తోచదు.

మీసాలాయన పని చూసి తీరాల్సిందే. నీలం పెన్ను, నల్ల పెన్ను, సిరా అయిపోవచ్చిన పెన్ను, మూడు బల్ల మీద పెట్టుకునేవాడు. అన్నీ ఒకే పెన్నుతో రాస్తే అనుమానం వస్తుందట. "అక్కా, సోమవారం మీ ఊళ్లో వాన పడిందా?" అని అడిగేవాడు. పడిందంటే, "వానలో తడుస్తూ గస్తీ తిరిగాను" అని రాసుకునేవాడు. గడిచిన వారంతో ఆగేవాడూ కాదు. చెయ్యి ఊపు మీదున్నప్పుడు రాబోయే వారం కూడా నింపేసేవాడు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా కత్తెరక్క పట్టుకునేది. గస్తీ తిరగాల్సింది మనిషి, తిరిగింది పుస్తకం.

ఈలోగా ఊళ్లో ఒకరి పంపు మోటారు పోయింది. ఇంకొకరి ఇనుప నిచ్చెన, ఇద్దరి సైకిళ్లు పోయాయి. స్టేషనుకు వెళ్లిన వాళ్లతో, "రాస్తే కోర్టు చుట్టూ మీరే తిరగాలి. ఎందుకొచ్చిన గొడవ, మేం వెతుకుతాంగా" అని మీసాలాయన తీపిగా చెప్పి పంపేవాడు. "మంచివాడే, వెతుకుతాడులే" అని కత్తెరక్క కూడా వాళ్లకు సర్దిచెప్పింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన నాలుక తనే కోసుకోవాలనిపిస్తుంది. తనదాకా వస్తేగాని తెలియదంటారు. తనదాకా వచ్చింది.

ఆ గురువారం ఆమె పది గంటల బస్సెక్కింది. స్టేషన్లో పుస్తకం తెరిచి పెట్టింది. మీసాలాయన ఆ రోజు తేదీ వేసి, "పదకొండున్నర. మూలింటి పాయింటు. అంతా ప్రశాంతం" అని నల్ల పెన్నుతో రాశాడు. అక్కడి నుంచి పైవారం బుధవారం దాకా నింపుకుంటూ పోయాడు. ఆమె పుస్తకం సంచిలో వేసుకుని, దారాలు కొనుక్కుని, ఒంటిగంటన్నరకు ఇల్లు చేరింది. కిటికీ పక్కన నేల మీద మిషను నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

పెరట్లోంచి అత్త వచ్చింది. "ఏమే, మిషను రిపేరుకిచ్చావా? నాతో ఒక్క మాట చెప్పొద్దూ? ఇద్దరు మనుషులు ఆటో తెచ్చి ఎంతో మర్యాదగా తీసుకెళ్లారు. వెనక కాలు కాస్త ఊగుతుంది, జాగ్రత్త నాయనా అని కూడా చెప్పాను."

కత్తెరక్క గోడకు చేరబడి కూర్చుండిపోయింది. బడి పిల్లల బట్టలు అరవై జతలు కత్తిరించి మూల పేర్చి ఉన్నాయి. బడి తెరిచేలోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ ఏడే కాదు, వచ్చే ఏడు పనీ ఇంకెవరికో పోతుంది. ఆ ఇంట్లో అత్త మందులూ, బియ్యమూ, అన్నీ ఆ మిషను సూది కింద నుంచే వస్తాయి.

మూడు గంటల బస్సుకు మళ్లీ స్టేషనుకు వెళ్లింది. ఈసారి ఎస్సై ముందు నిలబడి జరిగింది చెప్పింది. ఆయన అంతా విని, "మీ అత్తగారే దగ్గరుండి ఇచ్చి పంపిందంటున్నావు. అది దొంగతనం ఎట్లా అవుతుందమ్మా?" అన్నాడు.

"రిపేరని మోసం చేసి పట్టుకుపోతే దొంగతనం కాదా సార్?"

"ఎన్ని గంటలకి?"

"పదకొండు దాటాక అంటోంది మా అత్త. పన్నెండు లోపే."

"గస్తీ పుస్తకం ఎక్కడుంది?"

సంచిలోంచి తీసిచ్చింది. ఆయన పేజీ తిప్పి వేలు పెట్టాడు. "ఇదిగో. పదకొండున్నరకి మా వాడు మీ ఇంటి ముందే ఉన్నాడు. అంతా ప్రశాంతం అని రాశాడు. అప్పుడు ఆటో వస్తే వాడికి కనపడదా?"

కత్తెరక్కకు ముందు నవ్వొచ్చింది. "పదకొండున్నరకి మీవాడు ఈ బల్ల దగ్గరే ఉన్నాడు సార్. ఆయన రాస్తుంటే కాగితం పట్టుకుంది నేనే!"

మీసాలాయన గోడ మీది క్యాలెండర్‌లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"చూడమ్మా," అన్నాడు ఎస్సై, "నోటిమాట వేరు, రాత వేరు. రాతలో దొంగతనం లేదు. ఇంటికెళ్లి పుస్తకం పెట్టెలో పెట్టెయ్. శనివారం పై ఆఫీసరు గారు మీ ఊరికి వస్తున్నారు. నాలుగేళ్లుగా ఒక్క కేసు లేని ఊరని మెచ్చుకోవడానికి వస్తున్నారు. ఆయన ముందు ఊరి పరువు తీయకు."

ఊరి పరువట! మోటారు పోయి చేను ఎండినప్పుడు పోలేదు, పుస్తకం చంకన పెట్టుకుని ఆడమనిషి బస్సుల్లో తిరిగినప్పుడు పోలేదు. ఒక కాగితం మీద నిజం రాస్తే పోతుందట. కంచే చేను మేస్తే చెప్పుకునేదెవరికి? ఇక్కడ కంచె మేయడమే కాదు, మేసి మూతి తుడుచుకుని చేనుకే నీతులు చెబుతోంది.

ఆ సాయంత్రం మొగుడు, "పోలీసులతో మనకెందుకు? ఎట్లాగో ఇంకోటి కొందాం" అన్నాడు.

"కొందాం. అదీ ఎత్తుకుపోతారు. పోయినట్టు కాగితం లేకపోతే రేపు పాత సామాన్ల కొట్లో నా మిషను నా కళ్ల ముందే ఉన్నా, నాదని అడగడానికి లేదు. ఏం చూసుకుని అడగను?" అంది ఆమె.

శుక్రవారం మీసాలాయన వచ్చాడు. నాలుగేళ్లలో ఊళ్లో అడుగుపెట్టడం అదే. వీధి కుక్కలు ఆయన్ని గుర్తుపట్టక వెంటపడ్డాయి. గుమ్మం దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు. "అక్కా, ఇంట్లో ఇద్దరు పిల్లలు. రేపు నువ్వు నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది."

"నీది రేపు పోతుందేమో తమ్ముడూ. నాది నిన్ననే ఆటోలో పోయింది."

"అయితే నన్ను ముంచుతావా?"

"నా ఫిర్యాదు రాయించు. నేను మాట్లాడను."

"అది నా చేతుల్లో లేదక్కా," అని తల దించుకుని వెళ్లిపోయాడు. నిజమే కావచ్చు. ఆ స్టేషన్లో ఏదీ ఎవరి చేతుల్లోనూ ఉండదు, పెన్ను తప్ప.

శనివారం బడిలో మీటింగు. బెంచీల నిండా జనం. పై ఆఫీసరు మైకు పట్టుకుని పోలీసూ ప్రజలూ ఒక్కటైతే నేరం దానంతటదే పారిపోతుందన్నాడు. ఎస్సైకి ప్రశంసాపత్రం ఇచ్చాడు. పంపు మోటారు పోయినవాడు చప్పట్లు కొట్టాడు. నిచ్చెన పోయినవాడూ కొట్టాడు! "ఎవరైనా మాట్లాడొచ్చు. భయపడకండి" అన్నాడు ఆఫీసరు.

కత్తెరక్క లేచింది. ఆమె చేతిలో గస్తీ పుస్తకం ఉంది.

"సార్, ఇవాళ శనివారం కదండీ. రేపు ఆదివారం పది గంటల పది నిమిషాలకు మా ఊరంతా ప్రశాంతంగా ఉందని ఇందులో రాసుంది. సోమవారం కూడా ప్రశాంతమే. మంగళవారం కొత్త మనుషులెవరూ కనపడలేదట. బుధవారం మాత్రం కుక్కలు కాస్త ఎక్కువ మొరిగాయట."

జనం గొల్లుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు. పుస్తకం తెప్పించుకుని చూశాడు. మొహం ఎర్రబడింది. మీసాలాయన వైపు చూస్తాడనుకున్నారు అందరూ. ఆయన కత్తెరక్క వైపే చూశాడు.

"ఈ పుస్తకం స్టేషనుకు ఎవరు తెచ్చేవారు?"

"నేనే సార్."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్ల నుంచి."

"ప్రభుత్వ రికార్డు పెట్టెలోంచి తీసి ఊరు దాటించడం నేరమని తెలియదా?"

ఎస్సైకి ప్రాణం లేచొచ్చింది. "కేసు పెట్టాల్సిందే సార్! తాళంచెవి కూడా ఈవిడ దగ్గరే ఉంది" అన్నాడు. నవ్విన జనం చప్పున చప్పబడిపోయారు. పంపు మోటారు పోయినాయన తన చెప్పుల్లోకి చూసుకుంటున్నాడు. ఆమె మొగుడు వెనక నుంచి, "కూర్చోవే" అన్నాడు సన్నగా. దొంగను వదిలేశారు, దొంగరాతలు రాసినవాణ్ణి వదిలేశారు, దొరికింది మాత్రం సంచి మోసిన మనిషి.

కత్తెరక్క కూర్చోలేదు. నడిచి వెళ్లి బల్ల ముందు నిలబడింది.

"రాయండి సార్. కేసు రాయండి."

ఎస్సై వెంట వచ్చిన స్టేషను రైటరు కాగితాలు తీశాడు. పేరు, వయసు, ఇల్లు రాసుకున్నాడు.

"గురువారం పది గంటల బస్సుకు పుస్తకం తీసుకెళ్లానని రాయండి. ఎవరికిచ్చానో, పదకొండున్నరకి నా ఎదురుగా ఏం రాశారో రాయండి. నేనక్కడ ఉండగా ఇక్కడ మా ఇంట్లో మిషను పోయిందని రాయండి."

"అది వేరే సంగతి," అన్నాడు ఎస్సై.

"వేరే ఎట్లా అవుతుంది సార్? పుస్తకం ఊరు దాటడం నేరమన్నారు. ఒప్పుకున్నాను. మరి ఆ నేరం వల్ల ఎవరికేం నష్టమొచ్చిందో రాయొద్దా? నష్టపోయింది నేనే."

రైటరు పెన్ను ఆగింది. ముందు బెంచీలోంచి అత్త, ఆ ఆగడం చూసి గట్టిగా అంది: "ఏం నాయనా, సిరా అయిపోయిందా? నన్ను కూడా రాసుకో. దొంగలకి తలుపు తీసి, జాగ్రత్తలు చెప్పి పంపింది నేనే. జైలైతే ఇద్దరం కలిసే వస్తాం. నాకు మెత్తటి అన్నం కావాలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఊరు ఊరంతా ఆఫీసరు మొహంలోకే చూస్తోంది. కేసు వద్దంటే తన మాట తనే మింగాలి. పెట్టాలంటే ఆమె చెప్పింది రాయాలి. ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "చెప్పింది చెప్పినట్టు రాయవయ్యా," అన్నాడు విసురుగా.

రైటరు రెండు పేజీలు రాసి ఆమె ముందుకు తోశాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆమె కాగితం కిటికీ వెలుతురుకు తిప్పుకుని, వేలితో గీత గీత పట్టుకుంటూ మొదటి నుంచీ చదివింది. ఎస్సై గడియారం చూసుకున్నాడు.

"మిషను నంబరు రాయలేదు," అంది.

రైటరు తలెత్తి ఎస్సై వైపు చూశాడు. కత్తెరక్క ఆగలేదు. ఏడంకెలూ ఒక్కొక్కటే చెప్పింది. అతను రాసేదాకా నిలబడి, సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని, 'నిందితురాలు' అని ఉన్నచోట సంతకం పెట్టింది.