బొట్టు లేని మొహం

మా పక్కింటి గిద్యోను ముప్పై ఏళ్ళుగా లారీల మీద అక్షరాలు రాసి బతికాడు. కుడతిని కరెంటు ఫ్యాక్టరీ మాకు దగ్గరే, అక్కడి బూడిద మోసే లారీలకు కొదవ లేదు. కన్నడమైనా తెలుగైనా ఆయన చేతిలో ముత్యాల్లా వచ్చేవి. మనిషి మాత్రం పిరికి. డ్రైవరు గొంతు పెంచితే రాసింది చెరిపి మళ్ళీ రాసేవాడు.

అలాంటివాడికి బస్టాండు గోడ ఇచ్చారు. ఊరికి అందం తెస్తామని బళ్ళారి నుంచి వచ్చినవాళ్ళు, కష్టపడే ఆడమనిషి మొహాన్ని రెండాళ్ళ ఎత్తున గీయమన్నారు. ఎవరిని గీయాలా అని ఆయన పెద్దగా ఆలోచించలేదు. చేయి తనకు తెలిసిన మొహం వైపే పోయింది. నల్లని చాయ, పెద్ద కళ్ళు, వదులు ముడి. అది ఆయన భార్య రాహేలు. పాత మిషను సంఘం వాళ్ళు కనుక ఆమె బొట్టు పెట్టదు. రోజూ చూసే మొహంలో బొట్టు లేదన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. కళ్ళు మాత్రం ఆఖరున, శుక్రవారం దిద్దాడు.

మా వైపు అమ్మవారికి కళ్ళు దిద్దాలంటే ముందు కోడిని కోయాలి. లేకపోతే ఆ చూపు ఎదుట పడినవాళ్ళను పట్టుకుంటుందంటారు. శనివారానికల్లా ఊరంతా ఒకటే మాట. గోడ మీద అమ్మకు కళ్ళు తెరిచారు, బలి లేదు, నుదుట బొట్టయినా లేదు. అదే రోజు మా వీధి పక్కీరమ్మ మనవరాలికి జ్వరం వచ్చింది, ఇంకేముంది. పక్కింటిదాన్ని, నేనే ఆ మొహాన్ని గుర్తుపట్టలేదు. రెండాళ్ళ ఎత్తు రాహేలును ఎవరు చూశారు కనుక? పదో తరగతి పాసైనదాన్ని, పాలకు వెనక వీధి గుండా పోవడం మొదలుపెట్టాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ భయం వేసింది.

గిద్యోను భయం వేరు. ఆ మొహం ఎవరిదో తెలిస్తే రాహేలును ఏం చేస్తారో అని. ఇల్లు కదలొద్దని ఆమెకు గట్టిగా చెప్పాడట.

సోమవారం పొద్దున ఊరి పెద్ద హొన్నూరప్ప ఆయనను గోడ దగ్గరికి పిలిపించి, కళ్ళు చెరిపేయమన్నాడు. గిద్యోను సున్నం డబ్బాతో నిచ్చెన ఎక్కాడు. ఎడమ కంటి దగ్గరికి కుంచె తీసుకుపోయి ఆగిపోయాడు. చేయి రాలేదు. కింద జనం కేకలు మొదలుపెట్టారు. ఎవరో నిచ్చెన ఊపారు.

"ఏ అమ్మను రాసినావో చెప్పప్పా," అన్నాడు హొన్నూరప్ప. ఆ కళ్ళ వైపు చూడకుండా నేల చూస్తున్నాడు.

గిద్యోను కుంచె డబ్బాలో పెట్టి నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. నిచ్చెన మళ్ళీ ఊగింది. అప్పుడు జనం వెనక నుంచి రాహేలు తోసుకుంటూ వచ్చి, తల మీది కొంగు తీసేసింది.

"అమ్మా లేదు, ఏమీ లేదు. ఆడుండేది నేను. ఆయప్పను దిగనీండి."

అందరూ గోడను చూశారు, ఆమెను చూశారు. అవే కళ్ళు, అదే ఖాళీ నుదురు. కొడతారనుకున్నాను. ఎవరూ చేయెత్తలేదు. పక్కీరమ్మ మట్టిలో బోర్లా పడి రాహేలు కాళ్ళు పట్టుకుంది.

"తప్పైంది తల్లీ. నా మనవరాల్ని ఇడిసిపెట్టు."

నేను రాహేలునమ్మా, మీ వీధి చివరి దాన్ని అని ఆమె చెబుతూనే ఉంది. ఒక్కరూ వినలేదు. హొన్నూరప్ప చెప్పులు విడిచాడు.

ఆ మధ్యాహ్నమే గిద్యోను గోడ మొత్తానికి సున్నం కొట్టేశాడు. ఇక అయిపోయిందనుకున్నాం. మర్నాడు పొద్దున రాహేలు కేక విని పరుగెత్తాను. వాళ్ళ గడప నిండా పసుపు, కుంకుమ, వేపమండలు. తలుపు గొళ్ళేనికి ఎవరో కోడిని కట్టి పోయారు. గిద్యోను దాన్ని విప్పబోతే వీధిలో గుమిగూడినవాళ్ళు విప్పనివ్వలేదు.

ఇరవై ఏళ్ళుగా మా ఇంటి గోడకు ఆ పక్కన బతికిన మనిషి. నువ్వయినా చెప్పు వీళ్ళకు అన్నట్టు రాహేలు నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.