చింతపండుకు పోని రంగు

పొద్దున ఇత్తడి బిందె తోముదామని చింతపండు నానబెట్టాను. ఆ పుల్లటి వాసన తగిలితే చాలు, ఇన్నేళ్లయినా నాకు సిగ్గేస్తుంది. వెంటనే ఓబుళమ్మవ్వ గుర్తొస్తుంది. నల్లమాడ పక్కన ఈ పల్లెకు నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా గోడకు అవతలి ఇంట్లో ఒక్కతే ఉండేది. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం పెద్దది. నాకు కోళ్లు పెంచడం నేర్పింది ఆమే.

అవి మామూలు కోళ్లు కావు. ఆమె తమ్ముడు పుట్టపర్తిలో ఒక బంగళాకు కాపలా ఉండేవాడు. బంగళా దొర ఇల్లు ఖాళీ చేస్తూ నాలుగు పెట్టలు, ఒక పుంజు అతనికి ఇచ్చి పోతే, అతను తెచ్చి అవ్వకిచ్చాడట. ఏదో పరదేశపు జాతి. దాని పేరు మా ఎవరికీ నోరు తిరగలేదు. చెంపల మీద, గొంతు కింద గుబురుగా ఈకలుండేవి కాబట్టి గడ్డం కోళ్లు అనేవాళ్లం. పెట్ట రెండు కేజీలు తూగేది, పుంజు మూడు దాటేది కాదు. నాటుకోడి కంటే కాస్త బొద్దు, అంతే. గుడ్డు మాత్రం లేత నీలం. ఎండాకాలం వస్తే అవ్వకు వాటితోనే సరిపోయేది. గూటి మీద తడి గోనెసంచులు కప్పేది, మధ్యాహ్నం పలచటి మజ్జిగ పోసేది. ఒకసారి నేను వెడల్పు గిన్నెలో నీళ్లు పెడితే గోడవతలినుంచే కేకేసింది.

“ఏమ్మే, వాటి గడ్డాలన్నీ తడిసి మన్ను పట్టుకుంటాండాయి! నీ జుట్టుకు మన్నంటితే ఊరకుంటావా? మూతి సన్నది పెట్టు.”

సంతలో ఆ గుడ్లను ఎవరూ ముట్టేవాళ్లు కాదు. “ఇదేందవ్వా, చిలుం పట్టిన చెంబు మాదిరుండాది?” అని నవ్వేవాళ్లు. ఆమె అక్కడే ఒకటి పగలగొట్టి చూపించేది. “చూడప్పా, లోపల మీ ఇంట్లో గుడ్డులో ఉండేదే ఉండాది!” ఆ చిలుం మాట మాత్రం నా తలలో ఉండిపోయింది.

ఒక రోజు తెల్లవారేసరికి కుక్కలు గూడు విరగ్గొట్టి అయిదింటినీ చంపేశాయి. ఇసుక గంపలో దాచిన తొమ్మిది గుడ్లే మిగిలాయి. అవ్వ కంటి ఆపరేషన్‌కు మరుసటి రోజే కదిరికి పోవాలి. మా నాటుపెట్ట అప్పుడప్పుడే పొదుగుకు వస్తోంది.

“ఈ తొమ్మిదిట్లోనే ఉండాది మే, ఆ జాతంతా. నేనొచ్చి పొదగేస్తా. భద్రం,” అని గంప నా చేతికిచ్చింది.

నేను భద్రంగానే చూద్దామనుకున్నాను. చిలుం పట్టిన చెంబులో మజ్జిగ పోస్తే విషమైపోతుంది కదా, మరి ఈ చిలుం లోపలి పిల్లకు ఏం చేస్తుందో అని నాకు భయం. చింతపండు నానబెట్టి, పీచుతో ఒక్కో గుడ్డూ తోమాను. ఏడు తోమేసరికి చింతపండు అయిపోయింది. పెంకు గరుకు తేలింది గానీ నీలం పోలేదు.

మూడో రోజు నల్లద్దాలతో దిగిన అవ్వ ఒక గుడ్డును బొటనవేలితో తడిమింది. “పెంకు లోపలిదాకా అదే రంగు మే. గుడ్డుకు ఊపిరాడేది ఆ పెంకులోనుంచే. పులుసు పోసి తోమినావే!” అంది. నేను భోరుమన్నాను.

“ఏడిస్తే పెంకు మందమైతాదా? లెయ్, గంప తే.”

తొమ్మిదీ పెట్టింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ గంపలో వేసింది. ఇరవై ఒక్క రోజులయ్యాక నేను తోమిన ఏడూ మురిగాయి. తోమని రెండిట్లో ఒకటే పిల్ల అయింది. అది పెట్టో పుంజో అప్పుడే తెలీదు. ఏదైనా, జత కట్టడానికి ఆ జాతిది ఇంకొకటి ఎక్కడిది?

“అవ్వా, నా వల్లే జాతి పోయింది,” అన్నాను.

“పోయింది. నీ వల్లే,” అంది. అబద్ధం చెప్పి ఊరడించడం ఆమెకు రాదు. కాసేపటికి ఆ పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “ఉన్నదాన్ని చూడు. నువ్వే సాకు.”

సాకాను. సన్నమూతి గిన్నె, తడి గోనె, కొక్కెర తెగులుకు టీకా చుక్కలు, ఒక్కటీ తప్పలేదు. అది పెద్దదై నీలం గుడ్లు పెట్టింది. ఊళ్లో ఉన్నవి నాటుపుంజులే కాబట్టి దాని పిల్లలన్నీ మామూలు నాటుకోళ్ల మాదిరే పుట్టాయి, ఒక్కదానికీ ఆ గుబురు గడ్డం లేదు. నేను ఆశ వదులుకున్నాను. అవి గుడ్లకు వచ్చిన కొత్తలో ఒక ఉదయం గోడ మీదుగా అవ్వ చెయ్యి పైకి లేచింది. చేతిలో లేత ఆకుపచ్చ గుడ్డు, ఆ నీలం నాటుగుడ్డు రంగులో కలిసినట్టు. మా పిల్లకోడి ఆమె గడ్డివాములో పెట్టింది.

“చింతపండు తేమ్మే! దీనికీ చిలుం పట్టింది!”

నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆమె మాత్రం పగలబడి నవ్వింది.

అవ్వ పోయి మూడేళ్లయింది. నా పెరట్లో ఇప్పుడు పదకొండు కోళ్లున్నాయి. ఇందాక మా అమ్మాయి గంపలోంచి ఒక ఆకుపచ్చ గుడ్డు తీసి, “మట్టి ఉండాదిమా, కడిగేదా?” అని అడిగింది.

“వద్దు, అట్లే పెట్టు,” అన్నాను. తరువాత గోడ దగ్గరికి పోయి ఆ గుడ్డును పైకెత్తి, “చింతపండు తేవ్వా!” అని అరిచాను. అవతల ఎవరూ లేరని తెలుసు. అయినా అరిచాను.