ఆది జాకెట్ల మూట

"ఆ మూటలు తీస్తేగాని మేస్త్రీ పని మొదలుపెట్టడంట. ఈ పొద్దు తేలిపోవాల అత్తా. గదిలో అవన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

"అవే ఉంటాయి. నువ్వు రాకముందు నుంచీ ఉన్నాయి."

"ఉండి ఏం చేస్తన్నాయి? చీరపేలికలు, తెగిన జిప్పులు, బొత్తాలు లేని చొక్కాలు. వాటికాడ అద్దె తీసుకున్నా ఈపాటికి మిద్దె లేపేదాన్ని."

"పేలికలంటావా? నీ మొగుడు పుట్టినప్పుడు పండబెట్టింది ఆ పేలికల మీదనే."

"నిజమే అత్తా. ఇప్పుడు ఎలకలు ఈని వాటి పిల్లల్ని పండబెడతన్నాయి. పో, పోయి చూసిరా పో."

వాకిట్లో ఇసుక జల్లిస్తున్న మేస్త్రీ నవ్వాడు. కోడలి మాట కన్నా ఆ నవ్వు నాకు ఎక్కువ గుచ్చుకుంది. మేస్త్రీ ముందు ఇంకో మాట అనకూడదని నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోరు రెండు రోజులు తెరవలేదు. నా తప్పు అక్కడే మొదలయింది.

ఆ గదిలో ఒకప్పుడు గొర్రెబొచ్చు కత్తిరించి బస్తాలకెత్తి దాచేవాళ్ళం. మందలో సగం అమ్ముకున్నాక నేను అందులో కూర్చుని బొంతలు కుట్టేదాన్ని. కోడలు వచ్చి ఒక మూల కుట్టుమిషన్ వేసుకుంది. మొదట మా వీధి వాళ్ళకు, తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు జాకెట్లు కుట్టి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు పెళ్ళి జాకెట్లకు మగ్గం వర్కు కూడా చేస్తానంది. మగ్గం పట్టాలంటే గది ఖాళీ కావాలి, లేచిపోయిన నాపరాళ్ళు తీసి టైల్స్ వేయాలి, గోడకు అరలు కట్టాలి. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఈ మాట ఆ రోజు అనలేకపోయాను.

నేను దేన్నీ పారేసే మనిషిని కాదు. పుల్లలచెరువు అవతల అడవి పక్క పల్లెలో పుట్టాను. కాళ్ళు కడుక్కున్న నీళ్ళు కూడా బీరపాదుకు పోసేవాళ్ళం. రెండో తరగతిలో బడి మాన్పించి మా నాయన నన్ను గొర్రెపిల్లల వెంట పంపాడు. చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే బొంతలోకి అతుకు, బొంత చీకిపోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ. నేను నేర్చిన చదువు అదే. కోడలికి కూడా నేర్పాలని చూశాను. నేర్పడమంటే నాకు తిట్టడమొక్కటే తెలుసు.

ఆ సాయంత్రానికల్లా కోడలు, కొడుకు కలిసి మూటలన్నీ వరండాలోకి చేర్చారు. నావన్నీ ఒక పక్క, ఆమె సామాన్లు ఒక పక్క పెట్టారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళిద్దరూ టైల్స్ చూసుకోవడానికి మార్కాపురం పోయారు. పోయేముందు కోడలు గడపలో నిలబడి, "అత్తా, ఆ మంచం మీద మూట..." అని ఏదో చెప్పబోయింది. నేను మొహం తిప్పుకుని మేకలకు కుడితి కలపడానికి లేచిపోయాను. ఆమె ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వరండాలో మంచం మీదున్న ఆ మూట విప్పాను. పాత చీరలో కట్టింది, లోపల అన్నీ వెలిసిన జాకెట్లు. చంకల దగ్గర చెమట మరకలు, కొన్నిటికి కుట్లు ఊడి ఉన్నాయి. నా మూటలు పారేయమన్నది, తానేమో ఇన్ని దాచిపెట్టుకుంది, రేపు ఇవి కూడా చెత్తలో వేస్తుంది అనుకున్నాను. కత్తెర తెచ్చుకున్నాను. జాకెట్ల చేతులు విప్పి, వీపు గుడ్డలు చదరంగా కోసి, హుక్కులన్నీ ఊడదీసి డబ్బాలో వేశాను. ఒక్కో జాకెట్టుకు ఒక చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. గుండుసూదులు దాచాను. చీటీలు పొయ్యిలో వేశాను. చదవడం రాక కాదు, కూడబలుక్కుంటే వస్తుంది. చదవాలనిపించలేదు. పదకొండు జాకెట్లు అయ్యాయి. మంచి బొంత వస్తుందని సంతోషపడ్డాను కూడా.

పొద్దుగూకేవేళ కోడలు వచ్చింది. వరండాలో పేర్చిన ముక్కలు చూసి చెప్పులు కూడా విడవకుండా అక్కడే కూలబడింది.

"ఇవి ఆది జాకెట్లు అత్తా. కొలతకని వాళ్ళిచ్చినవి. సిమెంటు దుమ్ము పడతదని మూటగట్టి మంచం మీద పెట్టినాను. చీటీలేవి?"

నా చూపు పొయ్యి వైపు పోయింది.

"ఎవరిది ఏదో ఎట్ల తెలుస్తదిప్పుడు? శ్రావణం పెళ్ళిళ్ళవి కూడా ఉన్నాయి గదా. అడిగుంటే చెప్పేదాన్ని గదత్తా, ఒక్క మాట అడిగుంటే."

కొడుకు నా మీద కేకలు వేయబోయాడు. కోడలే ఆపింది. "నువ్వు ఊరుకో. అరిస్తే అతుక్కుంటాయా అవి?" అంది. ఆ రాత్రి ఆమె తిట్టి ఉంటే నాకు అన్నం దిగేది. ముక్కల్ని రంగులు చూసి జతలు కట్టి, ఏది ఎవరిదో గుర్తుచేసుకుంటూ కూర్చుంది. నాలుగు ఎవరివో పోల్చుకుంది. మిగతావి తేలలేదు.

తెల్లారి బేస్తవారిపేట నుంచి ఒకావిడ వచ్చింది. కూతురి పెళ్ళికి ఐదు జాకెట్లు కుట్టమని గుడ్డలు ఇచ్చింది ఆవిడే. ఆది జాకెట్టు మార్చి ఇంకోటి ఇస్తానని వచ్చింది. నేను వరండాలో చెనక్కాయలు ఒలుస్తున్నాను.

"పాతది ఇయ్యి మే, అది మా అమ్మాయికి వదులయింది. ఇదో, ఇది పెట్టుకో."

"పాతది లేదక్కా. గదిలో పని జరుగుతాంది, సిమెంటు పడి పాడైపోయింది. తప్పు నాదే. నీకు కొత్తది కుట్టి ఇస్తాను."

"ఒక్క జాకెట్టు దాచలేనిదానివి, పట్టుచీరల జాకెట్లు నీ చేతికి ఎట్లియ్యాల?"

"అట్ల అనొద్దక్కా. అమ్మాయిని ఒకసారి తోలకరా, కొలతలు నేనే తీస్తాను."

"వద్దులే తల్లీ. గుడ్డలు ఇచ్చెయ్. గిద్దలూరులో మావాళ్ళకు తెలిసినామె ఉంది."

నేను కోసినాను అని చెప్పాలి. రెండు మాటలు. ఊళ్ళో ఎవరి తప్పునయినా మొహం మీదే అనేదాన్ని, నా తప్పు నా నోట రాలేదు. చేతిలో కాయ ఒలుస్తూనే ఉన్నాను.

కోడలు లోపలికి పోయి ఐదు గుడ్డలూ, వాటికి తెచ్చిపెట్టిన లైనింగూ, జతకలిపిన దారపు రీళ్ళూ తెచ్చి ఇచ్చింది. ఆవిడ అన్నీ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి పోయింది. కాసేపటికి టైల్స్ లారీ వచ్చింది.